బండి మీద తాగి దొరికినోడికి ట్రాక్టరు లైసెన్సు ఉంచాలా, వద్దా?

పోస్టు పెద్దది, ముందే చెబుతున్నా. కోతల రోజులు, పగలు ఎవరికీ తీరిక ఉండదు. రాత్రి అన్నాలయ్యాక చదవండి.

నాలుగు రోజుల నుంచి మన గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. తాగి బండి నడిపాడని రైతు లైసెన్సు సస్పెండ్ చేస్తే వ్యవసాయం ఎవడు చేస్తాడు, రైతులకు డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుల నుంచి పూర్తి మినహాయింపు ఇవ్వాలి, రైతుబిడ్డవైతే షేర్ చెయ్యి అని. నాకు ఆరుగురు పంపారు. నేను షేర్ చెయ్యలేదు, చెయ్యను కూడా. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఏముందో చూడకుండా తోసేస్తున్నారు. రైతు అంటే తాగి బండెక్కేవాడని మనమే కాగితం రాసిచ్చినట్టుంది ఆ మెసేజ్. రేపు టీవీ వాళ్ళ చేతిలో పడితే దాన్నే మన మొహాన ఎత్తి చూపిస్తారు.

అయితే అది రాసినవాడి బాధలో ఒక ముక్క నిజం ఉంది. ఆ ముక్క వరకే పట్టుకుని అడగాల్సిన పద్ధతి వేరే ఉంది. అది చెప్దామనే ఈ పోస్టు.

ముందు కేసు ఎట్లా నడుస్తుందో చూద్దాం. మనలో చాలామందికి ఇది సగమే తెలుసు. మోటారు వాహనాల చట్టం 1988లోది, అందులో 185వ సెక్షన్. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. ఎంత తాగితే ఎంత చూపిస్తుందని నన్నడగొద్దు, మనిషిని బట్టి, తిన్న తిండిని బట్టి మారుతుంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే 10,000 రూపాయల జరిమానా, లేదంటే రెండూ. రెండోసారైతే జైలు రెండేళ్ళ దాకా, జరిమానా 15,000. రోడ్డు మీద చలానా కట్టి వెళ్ళిపోయే కేసు కాదిది. కోర్టుకు పోయి జడ్జి గారి ముందు నిలబడాల్సిందే.

మనవాళ్ళు ఏం చేస్తారంటే, కోర్టులో జరిమానా కట్టేసి బయటికొచ్చి, టీ తాగి, "పీడా పోయింది" అని ఇంటికొస్తారు. పీడ పోలా, అప్పుడే బయల్దేరింది. 206వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఆ లైసెన్సు తీసుకుని రవాణా ఆఫీసుకు పంపిస్తారు. 2019లో చట్టం మార్చాక అక్కడ రూలు ఇంకా గట్టిపడింది. మొదటి తప్పుకు మూడు నెలలు సస్పెన్షన్. రెండో తప్పుకు లైసెన్సే రద్దు. మూడు నెలలు గడిచాయి కదా నా కార్డు నాకివ్వండి అంటే ఇవ్వరు, మళ్ళీ రిఫ్రెషర్ ట్రైనింగ్ చేసి రావాలి, అప్పుడే ఇస్తారు.

మూడు నెలలే కదా అని పట్నంలో ఉద్యోగం చేసేవాడు అనుకోవచ్చు. వాడు బస్సెక్కుతాడు, ఆటో ఎక్కుతాడు, ఆఫీసు ఎక్కడికీ పోదు. మిరప రైతుకు జనవరి ఆఖరి నుంచి మూడు నెలలు లెక్కపెట్టండి. కోతలు, కల్లం, ఎండబెట్టుకోవడం, టిక్కీలు తొక్కించడం, గుంటూరు యార్డుకు తోలడం, అన్నీ అందులోనే అయిపోతాయి. జూన్ నుంచి లెక్కపెడితే దుక్కులు, అచ్చులు తోలడం, విత్తనం. పైరుకు సస్పెన్షన్ ఆర్డరు అర్థం కాదు. డ్రైవరును పెట్టుకుందామంటే కోతల్లో డ్రైవరు దొరకడు. దొరికితే కూలి, బత్తా, పైగా సాయంత్రానికి ఒక క్వార్టరు ఇప్పించమంటాడు. మన తాగుడికి శిక్షపడితే వాడి తాగుడికి మనం డబ్బులివ్వాలి!

పక్క ఊళ్ళో ఒక కుర్రాడి సంగతి చెబుతా. పేరెందుకు. సొంతం నాలుగెకరాలు, కౌలు మూడెకరాలు, ఫైనాన్సులో తీసుకున్న ట్రాక్టరు. ఏదో పెళ్ళికి పోయి తాగి మోటారు సైకిలు మీద వస్తూ దొరికాడు. ఎవరినీ గుద్దలేదు, పడలేదు, తాగింది మాత్రం నిజం. ట్రాక్టరు ఆ టైముకు ఇంటి ముందు వేపచెట్టు కింద ఉంది. అతనికి బండికీ ట్రాక్టరుకూ కలిపి కార్డు ఒకటే. బండి తప్పుకు కార్డు పోయింది, కార్డుతో పాటు ట్రాక్టరు కూడా పోయింది. రవాణా ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది, ఫలానా తేదీన వచ్చి నీ మాట చెప్పుకో అని. అతను దాన్ని మడిచి బీరువా మీద పెట్టాడు. తేదీ దాటింది, ఆర్డరు వచ్చింది, మొత్తం అన్ని వాహనాలకూ సస్పెన్షన్.

తర్వాత ఏం జరిగిందో మీకు చెప్పక్కర్లేదు. ట్రాక్టరు ఆగిందా? ఆగలా. పగలు తనిఖీలుంటాయని రాత్రి పదకొండు తర్వాత టిక్కీలు లోడు చేసుకుని యార్డుకు బయల్దేరేవాడు. ట్రక్కుకు వెనక లైట్లు లేవు. రేడియం స్టిక్కరు ఎప్పుడో ఊడిపోయింది. ఏ రోడ్డును కాపాడదామని ఆ కార్డు గుంజుకున్నారో, ఆ రోడ్డు మీదకే అతన్ని నిద్రమత్తులో, చీకట్లో, లోడుతో పంపించినట్టయింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. దొరక్కుండా గడిచిపోయింది కాబట్టి ఊళ్ళో అందరూ "చూశావా, ఏం కాలా" అంటున్నారు. అదృష్టాన్ని రూలు చేసుకుంటే ఎట్లా?

దొరికితే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. సస్పెన్షన్‌లో ఉండగా నడిపితే 182వ సెక్షన్, మూడు నెలల దాకా జైలు లేదా 10,000 జరిమానా లేదా రెండూ. ఇది చిన్న సంగతి. పెద్ద సంగతి ఇన్సూరెన్సు. లైసెన్సు చెల్లని మనిషి నడుపుతుండగా ఎవరికైనా దెబ్బ తగిలితే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2004లో స్వరణ్ సింగ్ కేసులో తేల్చింది. తప్పు ఓనరుదని రుజువైతే, కంపెనీ ముందు బాధితులకు కట్టినా తర్వాత ఆ డబ్బు ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఓనరూ డ్రైవరూ నువ్వే అయినప్పుడు "నాకు తెలియదు" అనే మాట కూడా చెల్లదు. ప్రాణం పోయిన కేసులో ట్రిబ్యునల్ వేసే లెక్క లక్షల్లో ఉంటుంది. అప్పుడు వెళ్ళేది ట్రాక్టరు కాదు, కింద నేల.

ఇప్పుడు అసలు విషయం. నేను మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చట్టం ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివించుకున్నా. 19వ సెక్షన్‌లో 2019లో చేర్చిన ముక్క ఒకటుంది. పోలీసులు పంపిన లైసెన్సు మీద అధికారి నిర్ణయం తీసుకునే ముందు ఆ మనిషికి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అతను చెప్పింది విని వదిలెయ్యనైనా వదిలెయ్యొచ్చు. లేదా కారణాలు వివరంగా కాగితం మీద రాసి సస్పెండ్ చెయ్యొచ్చు. దేనికి సస్పెండ్ చెయ్యొచ్చు? లైసెన్సులో ఉన్న "అన్ని తరగతుల వాహనాలకూ, లేదా వాటిలో ఏ తరగతికైనా" అని ఉంది. కోర్టుకు అధికారం ఇచ్చే 20వ సెక్షన్‌లో కూడా అట్లాంటి మాటే ఉంది. మోటారు సైకిలు ఒక తరగతి. ట్రాక్టరు పడే లైట్ మోటార్ వెహికల్ ఇంకో తరగతి.

అర్థమయిందా? బండి మీద తాగి దొరికినవాడికి బండి లైసెన్సు ఆపి ట్రాక్టరు లైసెన్సు ఉంచే అధికారం ఇప్పుడే, ఈ చట్టంలోనే ఉంది. కొత్త జీవో అక్కర్లేదు, ఎమ్మెల్యే గారి లెటరు అక్కర్లేదు. మరి ఎందుకు జరగట్లేదు? నోటీసు బీరువా మీద ఉంది కాబట్టి. మా వైపు హియరింగుకు పోయి ఈ మాట అడిగిన రైతును ఒక్కణ్ణి కూడా నేను చూళ్ళేదు. అడగకపోతే ఆఫీసులో వాళ్ళు అచ్చువేసిన ఫారంలో పేరు, తేదీ నింపి "అన్ని వాహనాలకూ" అని కొట్టేస్తారు. వాళ్ళకు అది తేలిక. వివరంగా కారణాలు రాయమని చట్టం చెప్పింది వాళ్ళకు, మనకు కాదు. ఆ మాట గుర్తు చెయ్యడం మన హక్కు.

మన దగ్గర లేనిది ఇంకొకటుంది. టైము కట్టి, దారి కట్టి, పని వరకే ఇచ్చే లైసెన్సు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది. మన జిల్లా పిల్లలు బోలెడంత మంది ఉండే డాలస్ టెక్సాస్ రాష్ట్రంలోదే కదా, అక్కడ దాన్ని ఆక్యుపేషనల్ లైసెన్సు అంటారు. తాగి నడిపి లైసెన్సు పోయినవాడు కోర్టుకు పోయి, పనికో చదువుకో ఇంటి అవసరాలకో నడపక తప్పదని రుజువు చేసుకోవాలి. కోర్టు ఆర్డరులో ఏ రోజులు, ఏ గంటలు, ఏ దారి అని రాస్తుంది. మామూలుగా రోజుకు నాలుగు గంటలు, గట్టి అవసరం చూపిస్తే పన్నెండు గంటల దాకా. ఆ ఆర్డరు కాగితం బండిలోనే పెట్టుకుని తిరగాలి. ఇన్సూరెన్సు ఉందని ప్రత్యేకంగా సర్టిఫికెట్ పెట్టాలి. కొన్ని కేసుల్లో బండికి ఊదే యంత్రం బిగిస్తారు, ఊదితే గానీ ఇంజను స్టార్ట్ కాదు. (పదిమంది కలిసి తోస్తే గానీ స్టార్ట్ కాని మన ట్రాక్టర్లకు ఆ యంత్రం ఎక్కడ బిగించాలో చూసే మెకానిక్ ఇంకా పుట్టలేదు.)

న్యూజిలాండ్‌లో మొదటి 28 రోజులు ఎవరికీ ఏమీ లేదు, ఇంట్లో కూర్చోవాల్సిందే. ఆ తర్వాత కూడా తనకు విపరీతమైన కష్టమనో, తన మీద ఆధారపడ్డ ఇంకొకరికి అన్యాయమైన కష్టమనో కోర్టులో చూపించాలి. ఇంగ్లాండులో అయితే ఈ దారే లేదు. తాగి నడిపితే కనీసం పన్నెండు నెలలు బంద్, పని ఉందన్నా, పొలం ఉందన్నా వినరు, వాళ్ళు చెప్పిన కోర్సు చేస్తే నాలుగో వంతు దాకా తగ్గిస్తారు, అంతే. కాబట్టి "ఫారిన్‌లో అందరికీ ఇస్తారు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

నాకు బాగా నచ్చింది ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రం పద్ధతి. అక్కడ దాన్ని వర్క్ లైసెన్సు అంటారు. అర్హతలు వినండి. గత ఐదేళ్ళలో ఇట్లాంటి కేసు ఉండకూడదు. తాగింది మరీ ఎక్కువ, అంటే వాళ్ళ లెక్కలో 100 మిల్లీలీటర్లకు 150 మిల్లీగ్రాములు, ఉండకూడదు. లైసెన్సు లేకపోతే బతుకుతెరువు పోతుందని ప్రమాణపత్రం ఇవ్వాలి, యజమాని కూడా ఇవ్వాలి. కోర్టు శిక్ష వేసే రోజే అడగాలి, అయిపోయాక వచ్చి అడిగితే కుదరదు. ఇచ్చాక చుక్క కూడా తాగి నడపకూడదు, సున్నా అంటే సున్నా. అన్నిటికన్నా ముఖ్యం, పని మీద వాహనం నడుపుతూ తాగి దొరికినవాడికి ఆ లైసెన్సు ఇవ్వరు.

ఈ ఆఖరి ముక్క దగ్గర ఆగండి. మన ఊళ్ళకు సరిగ్గా కావాల్సింది అదే.

నా మాట ఇది. బండి మీద దొరికినవాడికి ట్రాక్టరు ఉంచమని అడుగుదాం. ట్రాక్టరు మీద తాగి దొరికినవాడికి ఒక్క గంట కూడా ఇవ్వొద్దని కూడా మనమే చెబుదాం. ఎందుకంటే వాడు తన పనిముట్టు దగ్గరే తప్పు చేశాడు. ట్రాక్టరు బతుకుతెరువు అని చెప్పేవాడు ఆ బతుకుతెరువు మీద తాగి కూర్చున్నప్పుడే ఆ మాట అనే హక్కు పోగొట్టుకున్నాడు.

ఈ మాటకు నా మీద కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి. మనం ట్రాక్టర్లో ఏం తోలుతున్నామో ఒక్కసారి చూసుకోండి. టిక్కీలు మాత్రమేనా? పొద్దున్నే ఐదున్నరకు సెంటర్లో నిలబడి చూడండి. ట్రక్కులో ఇరవైమంది ఆడవాళ్ళు, కోత కూలీలు, క్యారేజీలు ఒళ్ళో పెట్టుకుని, డోరు పట్టుకుని నిలబడి వెళ్తుంటారు. మడ్‌గార్డు మీద ఇద్దరు కూర్చుంటారు. కాలవ కట్ట మీద మలుపు తిరిగేటప్పుడు ఆ ట్రక్కు ఎట్లా ఊగుతుందో మనకు తెలుసు. ట్రాక్టరు బోల్తా పడి కూలీలు చనిపోయిన వార్త ప్రతి కోతల సీజన్లోనూ పేపర్లో చదువుతున్నాం. డ్రైవరు తాగకపోయినా అది తప్పే. రైతు ట్రాక్టరు పాలసీ మనుషుల్ని ఎక్కించుకోవడానికి ఇచ్చింది కాదు. తాగినవాడి చేతిలో ఆ స్టీరింగు పెట్టి, రైతుకు మినహాయింపు కావాలి అని అడగడానికి మనకు నోరెట్లా వస్తోంది? ట్రక్కులో ఉన్న ఆడవాళ్ళు ఎవరి కుటుంబం? వాళ్ళల్లో సగం మంది ఎకరం, అరెకరం ఉన్న రైతులే కదా. లేదా రైతు అంటే ట్రాక్టరు ఉన్నవాడేనా?

అందుకే పని లైసెన్సు ఎప్పుడు వచ్చినా అందులో మొదటి షరతు ఇదే ఉండాలి. ట్రక్కులో మనిషి కనపడకూడదు. పంట, ఎరువు, పనిముట్లు, అంతే. ఒక్క మనిషిని ఎక్కించుకున్నా లైసెన్సు పూర్తిగా పోవాలి. పొద్దు పొడిచాక బయల్దేరాలి, పొద్దు కుంకే లోపు ఇంటికి చేరాలి. ఇల్లు, పొలం, యార్డు, ఎరువుల కొట్టు, ఈ దారులు కాగితం మీద ఉండాలి. జీవితంలో ఒక్కసారే. రెండోసారి అడగడానికి వీల్లేదు.

ఇక రెండు వైపుల నుంచీ వచ్చే మాటలకు జవాబు చెప్పాలి.

మొదటిది మన మగవాళ్ళ మాట. ప్రభుత్వమే లైసెన్సులిచ్చి అమ్మిస్తుంది, తాగితే పోలీసులతో పట్టిస్తుంది, ఇదెక్కడి న్యాయం అని. 2024 అక్టోబరు నుంచి 99 రూపాయలకు క్వార్టరు పెట్టారు కదా, దాని ముందు ఐదేళ్ళు ప్రభుత్వమే కొట్లు పెట్టి అమ్మింది కదా అని. నిజమే. ఊళ్ళో బెల్టు షాపు గురించి పోట్లాడదామంటే నేను ముందుంటా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద కలబడితే ప్రభుత్వం సారా ఎత్తేసింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించింది. అది మళ్ళీ 1997లో సడలింది, వేరే సంగతి. అది ఒక పోరాటం. కానీ గుంటూరు రోడ్డు మీద మన ట్రాక్టరు కింద పడేది ప్రభుత్వం కాదు. సైకిలు మీద పోయే ఎవరో ముసలాయన. ఆయన కొడుకు దగ్గరకు పోయి 99 రూపాయల క్వార్టరు లెక్క చెప్పగలమా?

రెండో మాట ఇంట్లో ఆడవాళ్ళది. నేను దీన్ని తేలిగ్గా తీసుకోవట్లేదు. మా వీధిలో ఒకామె నాతో అన్నది, "అన్నయ్యా, ఆ మూడు నెలలే మా ఇంట్లో మనశ్శాంతి. కార్డు లేదని బయటికి పోలా, పోలేదు కాబట్టి తాగలా. మీరు పని లైసెన్సని ఇప్పిస్తే యార్డు దగ్గర తాగి వస్తాడు." దీనికి గబుక్కున జవాబు చెప్పలేకపోయా. రెండు రోజులు ఆలోచించా. ఆమె అన్నది అన్ని ఇళ్ళకూ వర్తించదు. ఆ మూడు నెలలు అప్పు చేసి డ్రైవర్లకు పోసిన ఇళ్ళు కూడా ఉన్నాయి, ఆ అప్పు కూడా ఆడవాళ్ళ మెడలో గొలుసు మీదే తెచ్చారు. అయితే ఏ ఇల్లు ఎట్లాంటిదో రవాణా ఆఫీసులో కూర్చున్న ఆయనకు ఎట్లా తెలుస్తుంది? సర్పంచ్ సర్టిఫికెట్ చూసా? సర్పంచ్ ఓటు పోతుందని అందరికీ సంతకం పెడతాడు, మనకు తెలియంది కాదు.

క్వీన్స్‌లాండ్‌లో యజమాని ప్రమాణపత్రం అడుగుతారని చెప్పా కదా. రైతుకు యజమాని ఎవరు? ఇల్లాలే. భార్యో, లేకపోతే తల్లో, అధికారి ముందు మనిషిగా వచ్చి, "ఈయన ట్రాక్టరు నడపకపోతే మా ఇల్లు గడవదు, ఈయనకు ఇవ్వండి" అని చెప్పి సంతకం పెట్టాలి. మొగుడు పక్కన నిలబడి కళ్ళెర్రజేస్తే పెట్టే సంతకం కాదు, ఆమెను విడిగా కూర్చోబెట్టి అడగాలి. ఆమె పెట్టనంటే లేదు. ఎప్పుడైనా వచ్చి "నా సంతకం వెనక్కి తీసుకుంటున్నా" అంటే ఆ రోజుతో లైసెన్సు ఆగిపోవాలి. ఎవరికైనా ఇది అవమానంగా అనిపిస్తే మూడు నెలలు ఇంట్లోనే ఉండొచ్చు, బలవంతం ఏమీ లేదు. పాస్‌బుక్ పెట్టి బ్యాంకు లోనుకు పోయినప్పుడు ఆమె సంతకం పెట్టించుకుంటాం కదా, అప్పుడు లేని అవమానం ఇప్పుడెందుకు?

ఇంకో రకం వాళ్ళున్నారు, వాళ్ళ గురించి రెండు ముక్కలు. "కేసు మేనేజ్ చేస్తా, లైసెన్సు బయటికి తెస్తా, పదివేలు అవుతుంది" అని టౌన్లో తిరిగే బ్రోకర్లు. వాళ్ళ చేతిలో పెట్టే ఆ పదివేలతో లాయరును పెట్టుకుని హియరింగుకు పోవచ్చు, ఇంకా మిగులుతాయి. కొందరు పాత లైసెన్సు పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకోమని సలహా ఇస్తున్నారు. రికార్డంతా ఇప్పుడు కంప్యూటర్లో ఉంది, సస్పెన్షన్ అందులోనే కనపడుతుంది. మూడు నెలల తప్పును మోసం కేసు చేసుకోవడం అది.

లైసెన్సే లేకుండా ట్రాక్టరు తోలేవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది ఉన్నారో కూడా నాకు తెలుసు. వాళ్ళు ఈ పోస్టు చదివి నవ్వుకుంటుంటారు, మాకు సస్పెండ్ చెయ్యడానికి ఏముంది అని. వాళ్ళ గురించి ఇంకోసారి రాస్తా, నవ్వు అప్పుడు చూద్దాం.

ఇప్పుడు చెయ్యాల్సింది. పని లైసెన్సు అనేది చట్టంలో రావాలంటే ఢిల్లీలో మార్పు జరగాలి, దానికి టైము పడుతుంది. మన పార్లమెంటు సభ్యుడికి ఇవ్వడానికి అర్జీ రాస్తున్నా, పైన చెప్పిన షరతులన్నీ అందులో ఉంటాయి, మినహాయింపు అనే మాట ఒక్కచోట కూడా ఉండదు. సంతకాలకు వచ్చినప్పుడు చదివి పెట్టండి. ఆడవాళ్ళ సంతకాలు సగమన్నా లేకపోతే నేను ఇవ్వను.

ఈలోపు నోటీసు వచ్చినవాళ్ళు, మోటారు సైకిలు మీద దొరికినవాళ్ళ వరకే చెబుతున్నా, ఇట్లా చెయ్యండి. నోటీసులో ఉన్న తేదీకి స్వయంగా వెళ్ళండి. తాగలేదని అబద్ధం చెప్పొద్దు, ఊదిన రసీదు వాళ్ళ ముందే ఉంటుంది, అబద్ధం చెప్పిన మరుక్షణం మీ మాట వినడం మానేస్తారు. తెల్ల కాగితం మీద నాలుగు లైన్లు రాయండి. ఫలానా రోజు మోటారు సైకిలు మీద దొరికాను, ఇదే మొదటిసారి, కోర్టులో జరిమానా కట్టాను, నాకు ఇన్ని ఎకరాలు సాగు ఉంది, ట్రాక్టరు నేనే నడుపుతాను, 19వ సెక్షన్ ప్రకారం సస్పెన్షన్ మోటారు సైకిలు తరగతికి మాత్రమే పరిమితం చెయ్యమని కోరుతున్నాను అని. పాస్‌బుక్ జిరాక్సు, కౌలు కాగితం ఉంటే అది, ట్రాక్టరు ఆర్సీ, ఇన్సూరెన్సు, కోర్టు రసీదు జత చెయ్యండి. రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి, ఇది మర్చిపోవద్దు. ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు. అధికారి ఇష్టం అది. కాదంటే ఆర్డరు చేతికందిన రోజు నుంచి 30 రోజుల్లో అప్పీలుకు పోవచ్చు, అప్పుడు ఆ ముద్ర ఉన్న కాపీయే పనికొస్తుంది. ఆర్డరులో కారణాలు రాయకుండా ఉత్త ఫారం నింపి ఇచ్చి ఉంటే ఆ మాట అప్పీలులో మొదటి లైనులో పెట్టండి.

రాయడం రానివాళ్ళు నోటీసు తీసుకుని సాయంత్రం ఏడు తర్వాత మా ఇంటికి రండి, నేను రాసిపెడతా. తాగి రావొద్దు.